పొగమంచులో గంపకోడి

ఆఫీసులో అందరూ అతన్ని పాముచెవులు అని పిలిచేవారు. ఆ పేరు ఎవరు పెట్టారో ఎవరికీ గుర్తులేదు గానీ, పెట్టినవాళ్ళు తప్పుగా పెట్టలేదు. పక్కగదిలో ఎవరి కుర్చీకి ఏ చక్రం అరిగిందో గోడకు ఇవతలి నుంచే చెప్పేసేవాడు. వీడియో గేములు తయారుచేసే ఆ కంపెనీలో అతని పని శబ్దాలు పెట్టడం. యుద్ధం గేములో ట్యాంకు కింద కంకర నలిగే చప్పుడు, గుండు తగిలి ఇనుము మోగే మోత, ఇంజను మూత మీద చినుకుల టపటప, అన్నీ అతని చేతిమీదుగా వెళ్ళాల్సిందే. పన్నెండేళ్ళుగా యుద్ధాన్ని వినిపిస్తున్నాడు గానీ, నిజం ఫిరంగి మోత ఒక్కసారీ విన్నవాడు కాదు.

ఆ ఏడాది గేములోకి కొన్ని పాత బళ్ళు దింపారు. అందులో ఒకటి చూడగానే నవ్వొచ్చేది. యుద్ధకాలంలో చేతికందిన సామానుతో అతికించిన బండి అది. అడవిలో మొద్దులు లాగే గొలుసుచక్రాల ట్రాక్టరు మీద పాత బాయిలరు రేకులు బిగించి, మూలపడ్డ నదిపడవ మీది ఫిరంగిని ఊడదీసి ముందు గుచ్చారు. శత్రువుల ట్యాంకులను పగలగొట్టడానికని ఒక ట్రాము వర్క్‌షాపులో పందొమ్మిది రోజుల్లో ఏడు బళ్ళు చేశారట. ఒక్కటీ మిగల్లేదు. ఒక ఫొటో మాత్రం మిగిలింది. గేములో దానికి బలం లేదు, వేగం లేదు. ఆడేవాళ్ళు సరదాకి దాన్ని ఎంచుకుని, మొదటి నిమిషంలోనే పేలిపోయి పడీపడీ నవ్వుకునేవారు.

పాముచెవులు దానికి ఒక రోడ్డురోలరు చప్పుడు తగిలించి సరిపెట్టాడు. ఎవరూ ఏమీ అనలేదు. మూడు నెలలు గడిచాక కాగితం మీద చేత్తో రాసిన ఉత్తరం ఒకటి వచ్చింది. కంపెనీకి కాగితం ఉత్తరం రావడమే వింత గనక అది నాలుగు బల్లలు తిరిగి అతని దగ్గరికి చేరింది.

"అయ్యా, మా పై అంతస్తులో ఉండే నర్సమ్మ మీ గేము ఫోన్లో ఆడుతుంది. అందులో మా బండి ఉందని తెచ్చి చూపించింది. మా అక్కకు చెవులు వినిపించవు. ఫోను అరచేతిలో పట్టుకుని చూసి, ఇది కాదు అంది. అప్పట్నుంచి రోజూ అదే మాట. నా ప్రాణం తోడేస్తోంది. ఆ బండి నడిపింది మా అక్క. లోపల గుండ్లు అందించింది నేను. వీలైతే ఒకసారి రండి. ఆదివారం వద్దు, ఆ రోజు లిఫ్టు పనిచేయదు."

టీమ్ లీడరుకు చూపించాడు. ఆవిడ చదివి నవ్వి, "వెళ్ళు, ఒక పూట. పెద్దవాళ్ళు కదా, నాలుగు మంచి మాటలు చెప్పి రా. మళ్ళీ పని పెట్టుకోకు," అంది.

అతను రికార్డరు సంచిలో వేసుకుని బుధవారం పొద్దున వెళ్ళాడు.

నాలుగో అంతస్తులో తలుపు తీసిన ముసలాయన సన్నగా, గళ్ళ చొక్కా గుండీలు మెడదాకా పెట్టుకుని ఉన్నాడు. ఎనభై మూడేళ్ళు. గడియారాలు బాగుచేసి బతికిన మనిషి. గది గోడల నిండా గడియారాలే, అన్నీ నడుస్తున్నాయి. పాముచెవులు గుమ్మంలోనే ఆగిపోయాడు. సన్నటి చినుకుల్లో నిలబడ్డట్టుంది అతనికి.

"ఏంటి బాబూ, తల తిరుగుతోందా? కొత్తవాళ్ళకి అలాగే ఉంటుందిలే."

"లేదండీ. మూడో వరసలో రెండోది కాస్త కుంటుతోంది."

ముసలాయన ఆ గడియారం దగ్గరికి వెళ్ళి చెవి ఆనించాడు. తర్వాత వెనక్కి తిరిగి, "నెలరోజుల్నించి నాకు అనుమానమే. కూర్చో, నువ్వు మావాడివే," అన్నాడు.

కిటికీ దగ్గర కుర్చీలో అక్క కూర్చుని ఉంది. ఎనభై ఆరేళ్ళు. తెల్లజుట్టు పొట్టిగా కత్తిరించుకుంది. చేతులు మాత్రం ఆ ఒంటికి చెందినవి కానట్టు పెద్దవి. యుద్ధం అయ్యాక ముప్ఫై ఏళ్ళు ట్రాము నడిపిందట. చెవులు మందగించినా పట్టాల అదురు పాదాలకు తెలుస్తుందని చెప్పి ఉద్యోగం నిలబెట్టుకుంది. ఎదుటివాళ్ళ పెదాలు చూసి మాట అందుకునేది.

"నువ్వేనా రోడ్డురోలరు పెట్టింది?" అంది రాగానే.

అతను సిగ్గుపడ్డాడు. "ఎలా తెలిసిందమ్మా?"

"అరచెయ్యి చెప్పదూ! రోడ్డురోలరు కడుపునిండా తిని నడుస్తుంది. మా గంపకోడి ఆకలితో నడిచేది."

"గంపకోడి అంటే?"

తమ్ముడు అందుకున్నాడు. "రేకుల గంప బోర్లించినట్టు ఉండేది కదా. లోపల మేం ముగ్గురం కోళ్ళలాగా. అక్క, నేను, డ్రాయింగు మాస్టారు. కాగితాల్లో దానికేదో అంకెల పేరు రాసుకున్నార్లే. మాకది గంపకోడే."

"మాస్టారు ఫిరంగి పేల్చేవారా?"

"బొటనవేలు చాపి ఒక కన్ను మూసి దూరం చెప్పేసేవాడు. బడిలో బొమ్మలు నేర్పే మనిషి. గీత గీస్తే మళ్ళీ చెరపాల్సిన పని ఉండేది కాదు."

"మరి ఎన్ని ట్యాంకులు పగలగొట్టారండీ?"

అక్కాతమ్ముళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"ఒకటి," అంది అక్క.

"స్టేషను పక్కన ఉండేది," అన్నాడు తమ్ముడు. "నీళ్ళ ట్యాంకు."

ముగ్గురూ నవ్వారు. ముసలావిడ నవ్వితే గొంతులోంచి చప్పుడు రాలేదు, భుజాలు మాత్రం ఊగాయి. గురి చూసుకోవడానికి పేల్చిన మూడు గుండ్లలో ఒకటి అలా వెళ్ళిందట. వాళ్ళ గంపకోడి యుద్ధం మొత్తంలో పేల్చినవి ఆ మూడే.

పాముచెవులు రికార్డరు తీసి బల్లమీద పెట్టాడు. "ఆ చప్పుడు ఎలా ఉండేదో కాస్త చెప్పగలరా అమ్మా?"

"చప్పుడును చెప్పేదేంటి?" అంది ఆవిడ. కళ్ళు మూసుకుంది. రెండు అరచేతులూ బల్లమీద ఆన్చింది. ముందు కాళ్ళు కదిలాయి, ఎడమది నొక్కిపెట్టి, కుడిది మెల్లగా దించింది. తర్వాత ఆ సన్నటి ఛాతీ లోపలినుంచి ఒక మోత బయల్దేరింది.

దుడుదుడు కాదు, గడగడ కాదు. పెద్ద డేగిసా అడుగున అంటిన దాన్ని ఎవరో గరిటెతో గీకుతున్నట్టు, మధ్యలో ఒక ఎక్కిలి, ఆ ఎక్కిలి తర్వాత ఊపిరి బిగబట్టినట్టు చిన్న ఖాళీ, మళ్ళీ గీకుడు. తమ్ముడు లేచి వంటింట్లోంచి ఒక సత్తుమూత తెచ్చి, ఆ ఖాళీ వచ్చిన ప్రతిసారీ గోరుతో దాన్ని చిటుక్కుమనిపించాడు. వదులైన రేకు అది, ఎడమవైపు మూడో బోల్టు దగ్గర. అరవై రెండేళ్ళు గడిచినా ఒక్క చిటుకూ గతి తప్పలేదు. గోడమీద గడియారాలు నడుస్తూనే ఉన్నాయి. కానీ పాముచెవులకు అవి వినపడడం మానేశాయి. కిటికీలో ఎండ పల్చబడి తెల్లగా అయినట్టనిపించింది. తను ఒక ఇనప గదిలో కూర్చున్నాననీ, సన్నటి చీలికలోంచి బయటికి చూస్తున్నాననీ, బయట ఏమీ లేదనీ అనిపించింది.

బయట ఏమీ లేని రోజు సంగతే వాళ్ళు తర్వాత చెప్పారు.

ఏడు బళ్ళలో ఆరు అప్పటికే ఎక్కడివక్కడ ఆగిపోయాయి. మిగిలిన గంపకోడిని వంతెనకు ఇవతల, పిండిమర దగ్గర నిలబెట్టమని ఉత్తర్వు వచ్చింది. మధ్యాహ్నం దాకా శత్రువును ఆపగలిగితే చాలన్నారు. వెనక ఊరు ఊరంతా కదిలిపోతోంది. మంచాలు, కుట్టుమిషన్లు, పసిపిల్లలు, అన్నీ తోపుడుబళ్ళ మీదే. ముందురోజే ఇంజను పొగగొట్టం విరిగి పడిపోవడంతో గంపకోడి మోత మూడింతలైంది. తెల్లారేసరికి నదిమీంచి పొగమంచు లేచింది. చెయ్యి చాపితే చెయ్యి కనిపించలేదు. వంతెనకు అవతల ఇంజన్లు వచ్చి ఆగిన చప్పుడు మాత్రం వినిపించింది. ఒకటి కాదు, చాలా.

"కనపడనిదాన్ని ఎలా కొట్టేది?" అన్నాడట మాస్టారు.

"వాళ్ళకీ మనం కనపడం కదా," అంది అక్క. "వినపడదాం."

పిండిమర చుట్టూ గుండ్రంగా రోడ్డు, రోడ్డుకు అవతల ఖాళీ గోదాములు. ఆ చుట్టూ బండి తిప్పితే మోత గోడగోడకీ తగిలి పదింతలై వంతెన దాటుతుంది. అవతల ఉన్నవాళ్ళు ఎన్ని బళ్ళనుకుంటారో అనుకోనీ అనుకున్నారు. కానీ నడపడానికి దారి కనిపించాలి. మాస్టారు తన సంచిలోంచి తెల్లటి డ్రాయింగు కాగితం తీసి వీపుకు పిన్నులు పెట్టించుకుని కిందికి దిగాడు. చేతిలో ఒక రాయి. బండి రేకు మీద ఒకటి కొడితే పదమని, రెండు కొడితే నెమ్మదని, మూడు కొడితే ఆగమని.

అలా మొదలైంది. తెల్లటి మంచులో తెల్లటి కాగితం. అది రోడ్డుకంటే కాస్త ఎత్తులో తనంతట తనే తేలిపోతున్నట్టుండేదని అక్క చెప్పింది. మొదటి పది చుట్లూ భయమేసిందట. తర్వాత భయం పోయింది. కాగితం వెనకే వెళ్ళడం, మలుపు, పిండి వాసన, మళ్ళీ మలుపు. ఎన్నేళ్ళుగానో అదే పని చేస్తున్నట్టు, ఇక ఎప్పటికీ అదే చేస్తూ ఉంటే చాలన్నట్టు ఉండేదట. ముప్ఫై ఏడో చుట్టులో కాగితం కనిపించలేదు. అప్పటికి దారి ఆవిడ కాళ్ళకే తెలుసు. ఇంకా నాలుగు చుట్లు తిప్పింది. మంచు విడిపోయేసరికి వంతెన అవతల ఎవరూ లేరు. వెనక్కి వెళ్ళిపోయారు. మళ్ళీ రెండు రోజులదాకా రాలేదు. ఈలోగా ఊరు ఖాళీ అయింది.

మాస్టారు మాత్రం రోడ్డు మీద లేడు. రోడ్డు పక్క కాలవలోనూ లేడు. ఆ కాగితం ముక్క కూడా దొరకలేదు.

"పారిపోయాడు," అన్నాడు తమ్ముడు, ఎన్నోసార్లు అన్న మాటలా. "మంచు అడ్డం పెట్టుకుని చల్లగా జారుకున్నాడు. ఎక్కడో పెళ్ళి చేసుకుని పిల్లాపాపలతో దర్జాగా ఉండుంటాడు."

"నోరు ముయ్యరా," అంది అక్క. అదీ ఎన్నోసార్లు అన్న మాటే.

పాముచెవులు ఇద్దరి మధ్యా ఇబ్బందిగా కదిలాడు. మాట మార్చడానికి తన పని అడిగాడు. "లోపల ఇంకేమైనా చప్పుళ్ళు వినిపించేవా అమ్మా? ఇంజను, ఆ రేకు కాకుండా?"

ఆవిడ చాలాసేపు అతని పెదాలవైపే చూసింది, మాట అందనట్టు. తర్వాత వేలి కణుపులతో బల్లమీద కొట్టింది. ఒకటి. రెండు. మూడు.

తమ్ముడి చేతిలో సత్తుమూత బల్లకు తగిలి ఆగింది.

"ముప్ఫై ఏడో చుట్టులో," అంది ఆవిడ పాముచెవులతోనే, తమ్ముడివైపు చూడకుండా. "కాగితం కనపడకుండా పోయిన కాసేపటికి. ఎడంపక్కన, కిందుగా. ఆగమని. ఆ ఇంజను ఆగితే మళ్ళీ అంటుకుంటుందన్న నమ్మకం లేదు నాయనా. మోత ఆగితే అవతలివాళ్ళకి గుట్టు తెలిసిపోతుంది. నేను ఆపలేదు. నాకు చెవులు పోయాయి గానీ ఆ మూడు దెబ్బలు మాత్రం పోలేదు."

తమ్ముడు లేచి వచ్చి ఆవిడకు ఎదురుగా, ఆవిడ కళ్ళకు తన పెదాలు కనిపించేలా వంగి నిలబడ్డాడు.

"నువ్వు విన్నావా అక్కా?"

ఆవిడ మొహం మారిపోయింది. "నువ్వూ విన్నావా?"

"నీకంటే ముందే. రేకుకి ఆనుకుని కూర్చుంది నేనే కదా. నీకు వినపడలేదనుకున్నా. వినపడి ఉండకూడదనుకున్నా. అందుకే పారిపోయాడని చెప్పుకొచ్చా. పారిపోయినవాడి కోసం ఎవరూ ఏడవరు కదా అని."

"నేను ఏడ్చాను రా."

"తెలుసు. పక్కగదిలో ఉండి వినేవాణ్ణి. నీ భుజం తట్టి చెప్పి ఉంటే ఆపేదానివి. నేను తట్టలేదు."

ఆవిడ తల అడ్డంగా ఊపింది. "తట్టినా ఆపేదాన్ని కాదు."

తమ్ముడు కుర్చీ లాక్కుని ఆవిడ పక్కన కూర్చున్నాడు. ఇద్దరూ కిటికీలోంచి బయటికి చూస్తూ ఉండిపోయారు. ఆవిడ పెద్ద చెయ్యి అతని సన్నటి మణికట్టు మీద ఉంది. కింద వీధిలో ఎవరో కారు అద్దం దించి ఎవరినో పిలిచారు. పాముచెవులకు తను ఆ గదిలో ఉండకూడదనిపించింది. బల్లమీద రికార్డరు ఎర్రదీపం వెలుగుతూనే ఉండడం చూసి గబుక్కున ఆపాడు.

"క్షమించండి. ఇదంతా ఇందులోకి ఎక్కింది."

"బండి చప్పుడు ఉంచుకో," అంది ఆవిడ. "మిగతాది మాకు వదిలెయ్."

అతను వాళ్ళ ముందే ఆ భాగం చెరిపేశాడు. తమ్ముడు టీ పెట్టడానికి లేచి, పాలు పొంగించి, తనని తనే తిట్టుకున్నాడు.

ఆ తర్వాత మూడు వారాలు పాముచెవులు మళ్ళీ పని పెట్టుకున్నాడు. ఒక కర్రల అడితిలో రంపం తిప్పే పాత ట్రాక్టరు ఇంజను ఉందని తెలిసి వెళ్ళాడు. యజమానిని బతిమాలి దాని పొగగొట్టం విప్పించాడు. పక్కన బోర్లించి ఉన్న ఇనప తొట్టిలో మోకాళ్ళు ముడుచుకుని దూరి, లోపలినుంచి రికార్డు చేశాడు. బయటికొచ్చేసరికి రెండు చెవులూ గింగురుమంటున్నాయి, ఒక రోజంతా లోకం దూది చుట్టినట్టుంది. ఇంటికి వెళ్తే భార్య ఏదో అడిగింది, వినపడక ఆవిడ పెదాలవైపు చూశాడు. ఇంజను మోత దొరికింది గానీ ఆకలి దొరకలేదు. అప్పుడు ముసలావిడ గొంతును దాని అడుగున పరిచాడు. అంతే, బండి లేచి కూర్చుంది.

గేములో పొగమంచు కమ్మిన ఊరొకటి ముందునుంచే ఉంది. ఆ ఊళ్ళో గోడలకు తగిలి మోత తిరిగొచ్చేలా చేశాడు. ఒక్క గంపకోడి నడిస్తే పది నడిచినట్టుండాలి, ఏ దిక్కునుంచో తెలియకూడదు.

టీమ్ లీడరు హెడ్‌ఫోన్లు తీసి అతనివైపు చూసింది. "ఎటునుంచి వస్తోందో తెలీకపోతే ఆడేవాళ్ళు మనల్ని తిట్టిపోస్తారు."

"తిట్టనివ్వండి. దానికున్న బలం అదొక్కటే."

"నువ్వు అక్కడికి వెళ్ళొచ్చిన దగ్గర్నించీ అదోలా ఉన్నావు. ఏమైంది?"

"పెద్దవాళ్ళు కదండీ. మాటల్లో పడ్డాం."

ఆవిడ భోజనాల వేళ ఐదుగురు కుర్రాళ్ళను కూర్చోబెట్టి ఆడించింది. నలుగురికి పెద్ద ట్యాంకులు ఇచ్చి, ఐదోవాడికి గంపకోడి ఇచ్చింది. నలుగురూ నవ్వుకుంటూ ఆ పొగమంచు ఊరి వంతెన దాకా వచ్చారు. మోత మొదలైంది. ముందు ఒకడు ఆగాడు. తర్వాత అందరూ ఆగారు. గదిలో నవ్వులు వాటంతటవే సన్నగిల్లాయి. తినేవాళ్ళు తినడం ఆపి తెరవైపు తిరిగారు. తెరమీద తెల్లటి మంచు తప్ప ఏమీ లేదు. "ఒరేయ్, ఎన్నున్నాయిరా అవతల?" అన్నాడొకడు గొంతు తగ్గించి. ఇంకొకడు జవాబు చెప్పకుండా బండి వెనక్కి తిప్పాడు.

మార్పు బయటికి వెళ్ళాక తిట్లు వచ్చిన మాట నిజమే, వారం పాటు కుప్పలుగా వచ్చాయి. ఆ తర్వాత గంపకోడిని పట్టుకుని పొగమంచు ఊళ్ళో ఊరికే తిరిగేవాళ్ళు పెరిగారు. పేల్చరు, పేలరు. చుట్టూ చుట్టూ తిరుగుతారు, అంతే. వాళ్ళకు ఆ ముసలివాళ్ళ సంగతి తెలియదు, పాముచెవులు ఎవరికీ చెప్పలేదు.

అతను ఒక మంగళవారం చిన్న తెర, పెద్ద స్పీకరు పెట్టె మోసుకుని నాలుగో అంతస్తుకు వెళ్ళాడు. తమ్ముడు స్పీకరును అక్క ఒళ్ళో పెట్టాడు. ఆవిడ రెండు చేతులూ దాని మీద ఆన్చి కూర్చుంది. తెరమీద పిండిమర లేదు, అది వేరే ఊరు. కానీ మంచు మంచే. బండి కదలగానే ఆవిడ భుజాలు ఒక్కసారి బిగుసుకుని, తర్వాత మెల్లగా వదులయ్యాయి.

"ఇదే," అంది.

చాలాసేపు అలాగే ఉంది. నిద్రపోయిందేమో అనుకున్నాడు పాముచెవులు. తమ్ముడు బండిని తిప్పడం రాక గోడకు గుద్ది, "నువ్వు ఉన్నప్పుడు తిన్నగా పోయేది," అని గొణుక్కున్నాడు.

తెరమీద వంతెన అవతల ఒక పెద్ద ట్యాంకు వాళ్ళవైపు నాలుగడుగులు వేసి, ఆగి, మంచులోంచి ఎవరో కొట్టిన గుండుకు భగ్గుమంది. ఆవిడ కళ్ళు తెరిచి దాన్నే చూసింది.

"అందులో ఉన్నవాడు ఏమైనట్టు?"

"ఏమీ కాదమ్మా. ఈ ఆట అయిపోగానే మళ్ళీ మొదటినుంచి మొదలుపెడతాడు."

"వాడొక్కడేనా?"

"అందరూనమ్మా. ఎవరెక్కడ పోయినా, కొత్త ఆటలో మళ్ళీ అందరూ వచ్చి నిలబడతారు."

ఆవిడ అతని పెదాలను జాగ్రత్తగా చూసి ఆ మాటను పూర్తిగా అందుకుంది. తర్వాత తమ్ముడివైపు తిరిగి, "విన్నావట్రా?" అంది.

"విన్నానక్కా."

"అయితే తప్పుకో. నీకు నడపడం చేతకాదు," అంటూ స్పీకరు ఒళ్ళోంచి దించకుండానే కుర్చీని తెరకు దగ్గరగా జరుపుకుంది.